అరచేతిలో పట్టిన కుక్కపిల్ల

శ్రోతలందరికీ నమస్కారం. ఈ రోజు పామ్ (అంటే పోమరేనియన్), చివావా, షిట్జూ, యార్కీ (యార్క్‌షైర్ టెర్రియర్) లాంటి చిన్న జాతి కుక్కపిల్లల గురించి మాట్లాడుకుందాం. వీటిని టాయ్ బ్రీడ్స్ అంటారు.

నాలుగేళ్ల క్రితం మా పాప పుట్టినరోజుకి ఒక పామ్ పిల్లని తెచ్చుకున్నాం. అమ్మినతను దాన్ని నా అరచేతిలో పెట్టి, "టీకప్ పామ్ మేడమ్, రెండు కిలోలు దాటదు" అన్నాడు. ఎన్ని రోజుల పిల్ల అంటే రెండు నెలలు నిండాయన్నాడు. తల్లిని చూపించమని అడగాలని మాకు తట్టలేదు. చిన్ని అని పేరు పెట్టుకున్నాం.

మూడో రోజు తెల్లవారుజామున అత్తయ్య పాలు కాచడానికి లేచేసరికి చిన్ని వంటింటి గడప దగ్గర తూలుతోంది, రెండడుగులు వేసి పడిపోతోంది, మెడ వాల్చేసి ఒళ్లంతా వణుకుతోంది. చలేమోనని దుప్పటి కప్పారు. నేను పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. డాక్టర్ గారికి ఫోన్ చేస్తే, "తేనె ఉందా? వేలికి రాసుకుని చిగుళ్ల మీద రుద్దండి, గొంతులో మాత్రం పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది, వెంటనే తీసుకురండి" అన్నారు. ఆటోలో వెళ్తుండగానే కళ్లు తెరిచింది.

అది షుగర్ పడిపోవడం. కిలో కూడా లేని పిల్లకి ఒంట్లో నిల్వ ఉండే చక్కెర చాలా తక్కువ, రాత్రి తొమ్మిదికి పెట్టి పొద్దున దాకా వదిలేస్తే ఆ నిల్వ చాలదు. అప్పట్నుంచి రోజుకి ఐదుసార్లు కొంచెం కొంచెంగా పెట్టేదాన్ని, ఆఖరిది రాత్రి పదకొండుకి. నాలుగు నెలలు నిండేదాకా అలాగే చేశాను.

ఇక సైజు విషయం. టీకప్ అనేది కుక్క జాతుల్ని నమోదు చేసే ఏ కెన్నెల్ క్లబ్ జాబితాలోనూ ఉన్న జాతి కాదు, అమ్మేవాళ్లు పెట్టుకున్న పేరు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ లెక్కలో పెద్దయిన పామ్ సుమారు 1.4 నుంచి 3.2 కిలోలు ఉంటుంది, చివావా 2.7 కిలోలు దాటకూడదు, షిట్జూ అయితే ఏడు కిలోల దాకా వస్తుంది. మన దగ్గర పామ్ అని అమ్మేవాటిలో చాలా వరకు ఇండియన్ స్పిట్జ్ అనే వేరే జాతివి, వాటిలో చిన్న రకమే ఐదు నుంచి ఏడు కిలోలు పెరుగుతుంది. మా చిన్ని ఇప్పుడు ఆరు కిలోలు. అది దాని తప్పా చెప్పండి? అనుకున్నదానికంటే పెద్దదైందని వీధిలో వదిలేసినవాళ్లని చూశాను, ఇప్పటికీ నా మనసుకి కష్టంగానే ఉంటుంది.

పిల్ల ఎంత పెరుగుతుందో తెలియాలంటే తల్లిదండ్రులను చూడటమే మంచి దారి. కనీసం తల్లిని చూడకుండా డబ్బు ఇవ్వకండి. ఇంకో మాట, ఐదు వారాల పిల్లని ఎనిమిది వారాలదని చెప్తే అది మరీ బుజ్జిగా, అపురూపంగా కనిపిస్తుంది. మనం ముచ్చటపడే ఆ చిన్నతనం నిజానికి తల్లి పాలు మానని వయసు కావచ్చు. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదని మన దేశంలో 2017 నుంచి నిబంధన ఉంది.

ఎముకల సంగతి మరీ ముఖ్యం. ముందు కాళ్ల ఎముకలు పెన్సిల్ కంటే సన్నంగా ఉంటాయి, మణికట్టు దగ్గర రక్తప్రసరణ కూడా తక్కువ, అక్కడ విరిగితే అతకడానికి చాలా టైమ్ పడుతుంది. సోఫా మీద నుంచి గ్రానైట్ గచ్చు మీదకి ఒక్కసారి దూకితే చాలు, విరగొచ్చు. పిల్లలు నిలబడి ఎత్తుకుంటే గింజుకుని జారిపోతుంది, అందుకే మా పాపకి ఒకటే రూల్ పెట్టాం, ముందు నేల మీద కూర్చో, తర్వాతే ఒళ్లోకి తీసుకో అని. బాల్కనీ గ్రిల్ సందులకి మెష్ కొట్టించాం. మెడకి బెల్టు కాకుండా ఛాతీకి తొడిగే హార్నెస్ వాడండి, ఈ జాతుల్లో గాలిగొట్టం మెత్తన, లాగితే బాతు అరిచినట్టు దగ్గు మొదలవుతుంది.

పాయసంలో కిస్‌మిస్, చాక్లెట్, ఉల్లిపాయ, షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్, ఇవేవీ పెట్టకండి. జ్వరమొచ్చిందని మనం వేసుకునే పారాసెటమాల్‌లో సగం విరిచి అసలే వేయకండి, అంత చిన్న ఒంటికి ఆ సగమే చాలా ఎక్కువ.

చిన్నికి ఇప్పుడు రోజుకి రెండుసార్లే తిండి. అయినా రాత్రి పదకొండు అయ్యేసరికి వెళ్లి వంటింటి గడప దగ్గర కూర్చుంటుంది, నేను లేచి నాలుగు గింజలు పెట్టేదాకా కదలదు.