టైరు మారిస్తే ఆర్సీ పోతుందా? ఎస్ఎస్‌డీ వేశాక విండోస్ లైసెన్స్ సంగతి

[టేబుల్ మీద అడుగు మూత తీసిన ల్యాప్‌టాప్, పక్కన కొత్త ఎస్ఎస్‌డీ]

నమస్తే అండీ. పోయిన వారం మా పక్కింటి ఆంటీ తన కూతురి ల్యాప్‌టాప్ పట్టుకొచ్చారు. "బాబూ, హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేస్తే విండోస్ కూడా మళ్లీ కొనాలంట, నిజమేనా?" అని అడిగారు. అమీర్‌పేటలో కోర్సులు నేర్చుకునే పిల్లలు కూడా నన్ను ఇదే అడుగుతుంటారు. చేతిలో ఉన్న లైసెన్స్‌కే మళ్లీ డబ్బు కడుతున్నారంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది. అందుకే ఈ వీడియో. ఎస్ఎస్‌డీ అంటే పాత హార్డ్ డిస్క్ స్థానంలో వేసే వేగమైన డ్రైవ్.

మీ బండి వెనక టైరు అరిగిపోయింది, కొత్తది వేయించారు. ఇక ఖైరతాబాద్ ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లి మళ్లీ రిజిస్ట్రేషన్ చేయిస్తారా? చేయించరు కదా. ఆర్సీలో రాసి ఉండేది ఛాసిస్ నంబరు. టైరు సంగతి అందులో ఉండదు. కంప్యూటర్లో ఛాసిస్ అంటే మదర్‌బోర్డు, అంటే లోపలి భాగాలన్నీ అమర్చే ప్రధాన బోర్డు. డ్రైవ్ అంటే టైరు. విండోస్ లైసెన్స్ ప్రధానంగా మదర్‌బోర్డునే పట్టుకుని ఉంటుంది.

[పాత ల్యాప్‌టాప్ అడుగు భాగం, దగ్గరగా]

ఇది విండోస్ 7 కాలం నాటిది. ఈ స్టిక్కర్ చూడండి. 25 అక్షరాల కీ ఉండాలి, ఒళ్లో పెట్టుకుని వాడీ వాడీ సగం చెరిగిపోయింది. ఇది '8'నా, 'బి'నా? నాకైతే తెలియడం లేదు. 2012లో విండోస్ 8 వచ్చాక ఈ బాధ తప్పింది. కంపెనీలు కీని నేరుగా మదర్‌బోర్డు మీది బయోస్ చిప్‌లోనే (కంప్యూటర్ ఆన్ చేయగానే ముందు పనిచేసే చిప్) రాసేస్తున్నాయి. ఛాసిస్ నంబరును ఇనుములో చెక్కినట్టే. డ్రైవ్ తీసి పక్కన పెట్టినా అది అక్కడే ఉంటుంది.

విండోస్ 10 నుంచి డిజిటల్ లైసెన్స్ వచ్చింది. మీ మెషీన్ గుర్తులు మైక్రోసాఫ్ట్ సర్వర్లో నమోదై ఉంటాయి. ఆర్సీ కార్డు ఇంట్లో మర్చిపోయినా ఆర్టీఏ రికార్డులో బండి ఉంటుంది కదా, అలాగ. కాబట్టి కొత్త ఎస్ఎస్‌డీలో విండోస్ ఎక్కించేటప్పుడు కీ అడిగితే కంగారు పడొద్దు. కింద "ఐ డోంట్ హ్యావ్ ఎ ప్రొడక్ట్ కీ" అని ఉంటుంది, దాన్ని నొక్కండి. ఆ తర్వాత నెట్ పెడితే తనంతట తానే యాక్టివేట్ అవుతుంది. ఒక్కటే జాగ్రత్త: విండోస్‌లో హోమ్, ప్రో అని ఎడిషన్లు, అంటే రకాలు ఉంటాయి. ఇంతకుముందు హోమ్ ఉంటే హోమే వేయాలి. ప్రో ఎంచుకుంటే యాక్టివేట్ కాదు. స్కూటీ ఆర్సీ చూపించి ఆటో తిప్పుతానంటే కుదరదు కదా.

మరి కొందరికి నిజంగానే డ్రైవ్ మార్చాక యాక్టివేషన్ పోతుంది, అదెందుకు? ఎడిషన్ కూడా సరిగ్గానే వేసి ఉంటే, చాలాసార్లు కారణం ఒకటే. అంతకుముందు ఎవరో లైసెన్స్ లేకుండానే దొంగదారిన విండోస్ నడిచేలా క్రాక్ చేసి ఇచ్చి ఉంటారు. ఆ బండికి ఆర్సీ మొదటి నుంచీ లేదు, టైరు మార్చిన రోజు బయటపడిందంతే. ఇందులో కొనుక్కున్నవాళ్ల తప్పేమీ లేదు, వాళ్లకెవరూ చెప్పలేదు. ముందే చూసుకోవాలంటే కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైప్ చేసే విండో) తెరిచి ఎస్, ఎల్, ఎం, జి, ఆర్, ఒక స్పేస్, స్లాష్, డి, ఎల్, ఐ అని కొట్టండి. చిన్న పెట్టె వస్తుంది. అందులో ఓఈఎం అంటే మెషీన్‌తో వచ్చింది, రీటెయిల్ అంటే విడిగా కొన్నది. వాల్యూమ్ అంటే సంస్థలకిచ్చేది. మీ సొంత ల్యాప్‌టాప్‌లో వాల్యూమ్ కనిపిస్తే అమ్మినవాళ్లను అడగండి.

టైం అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను. మూత విప్పకముందే సెట్టింగ్స్, సిస్టమ్, యాక్టివేషన్‌లోకి వెళ్లి లైసెన్స్ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కు లింక్ అయిందో లేదో చూడండి. ఆర్సీకి మొబైల్ నంబరు కలిపినట్టు. రేపు మదర్‌బోర్డే మార్చాల్సి వస్తే, అది ఛాసిస్ మార్చినట్టు, అప్పుడు ట్రబుల్‌షూటర్‌లో (యాక్టివేషన్ సమస్యలు సరిచేసే విండోస్ సాధనం) "ఐ చేంజ్డ్ హార్డ్‌వేర్ ఆన్ దిస్ డివైస్ రీసెంట్లీ" అనే చోట ఈ లింకే పనికొస్తుంది. రీటెయిల్ లైసెన్స్ కొత్త బోర్డుకు వస్తుంది, ఓఈఎంది మాత్రం పాత బోర్డుతోనే పోతుంది. పాత డ్రైవ్‌ను ఉన్నదున్నట్టు కొత్తదానిలోకి కాపీ, అంటే క్లోన్ చేసినా లైసెన్స్‌కు ఢోకా లేదు. కొత్తగా ఎక్కించాలంటే 8 జీబీ పెన్‌డ్రైవ్, మైక్రోసాఫ్ట్ వారి మీడియా క్రియేషన్ టూల్ చాలు.

ఆంటీ వాళ్ల ల్యాప్‌టాప్ కూడా ఒక్క అక్షరం కీ కొట్టకుండానే యాక్టివేట్ అయింది. అయితే ఆమె పాత డ్రైవ్‌ను యూఎస్‌బీ కేసులో పెట్టి ఫొటోలు తీసుకుందామనుకుంటే 48 అంకెల బిట్‌లాకర్ (డ్రైవ్‌కు విండోస్ వేసే తాళం) రికవరీ కీ అడిగింది. అదృష్టం, వాళ్లమ్మాయి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దొరికింది. మీరు మాత్రం ఆ 48 అంకెలు ముందే కాగితం మీద రాసిపెట్టుకుని, అప్పుడు స్క్రూడ్రైవర్ తీయండి.