విశ్వాస ప్రమాణం వెనక ఎన్ని వాదనలు!

[తెర మీద: పాత కాన్‌స్టాంటినోపుల్ పటం, బజారు వీధి బొమ్మ]

అందరికీ నమస్తే. 380ల్లో కాన్‌స్టాంటినోపుల్ నగరం, అంటే ఇప్పటి ఇస్తాంబుల్, ఎలా ఉండేదో నిస్సా బిషప్పు గ్రెగొరీ ఒక ప్రసంగంలో చెప్పాడు. చిల్లర ఇమ్మంటే కొట్టువాడు దేవుని కుమారుడి, అంటే యేసు, పుట్టుక మీద చర్చ మొదలుపెడతాడట. రొట్టె ధర అడిగితే "తండ్రి గొప్పవాడు, కుమారుడు ఆయనకంటే తక్కువ" అంటాడట. స్నానానికి నీళ్ళు సిద్ధమా అని అడిగితే "కుమారుడు శూన్యం నుంచి కలిగాడు" అని జవాబు!

యేసు తర్వాత దాదాపు 350 ఏళ్ళకు కూడా ఆయన ఎవరన్న ప్రశ్న బజార్లో ఇంత వేడిగా ఉంది. తెలుగునాట సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం), కతోలిక సంఘాల్లో ఈరోజుకీ చెప్పే నైసీయ విశ్వాస ప్రమాణం, అంటే క్రైస్తవులు ఏం నమ్ముతారో చెప్పే మాటలు, ఆ వేడిలోంచి వచ్చిందే. దాన్ని బట్టీపట్టినట్టు చెప్పేస్తాం కానీ, అందులో చాలా మాటలు ఎవరో గట్టిగా వాదించిన దానికి సమాధానాలు.

[తెర మీద: నల్ల సముద్రం, సినోపె నుంచి రోముకు గీత]

ముందు మార్కియోను సంగతి. సినోపె ఊరివాడు, ఓడల యజమాని. 140 ప్రాంతంలో రోముకు వచ్చి అక్కడి సంఘానికి 2 లక్షల సెస్టర్సులు కానుక ఇచ్చాడు. చాలా పెద్ద మొత్తం. అతను చెప్పిందేమిటంటే, పాత నిబంధనలోని సృష్టికర్త వేరు, యేసు చూపించిన తండ్రి వేరు. ఒకరు శిక్షించే దేవుడు, ఇంకొకరు ప్రేమించే దేవుడు. అందుకని పాత నిబంధన మొత్తం వద్దన్నాడు. తనదంటూ ఒక జాబితా పెట్టుకున్నాడు: లూకా సువార్త ఒక్కటే, అదీ కొన్ని భాగాలు తీసేసి, దాంతోపాటు పౌలు పత్రికలు 10.

పాత నిబంధనలో యుద్ధాల కథలు చదివి మనసు కలుక్కుమన్న ఎవరికైనా ఈ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. అయినా రోము సంఘం 144లో అతణ్ణి వెలివేసి, ఆ డబ్బు కూడా తిరిగి ఇచ్చేసింది. ఆ సంఘం మీద నాకు గౌరవం పెరిగేది ఇక్కడే. ఈ నేపథ్యం తెలిశాక, భూమ్యాకాశాలు చేసిన దేవుడే క్రీస్తుకు తండ్రి అన్న మాట ఎంత బరువైందో అర్థమవుతుంది. ఏ పుస్తకాలు మనవి అని సంఘం గట్టిగా ఆలోచించేలా చేసినవాళ్ళలో మార్కియోను ఒకడు.

ఇంకోవైపు, దేవుడికి రక్తమాంసాలేమిటి, యేసు మనిషిలా కనిపించాడంతే అనేవాళ్ళున్నారు. అంతియొకయ బిషప్పు ఇగ్నేషియస్‌ను సైనికులు బంధించి రోముకు తీసుకెళ్తుంటే, దారిలో ట్రాలెస్ సంఘానికి ఉత్తరం రాశాడు. యేసు నిజంగా పుట్టాడు, తిన్నాడు, తాగాడు, పొంతి పిలాతు కాలంలో నిజంగా హింస పొందాడు, నిజంగా సిలువ మీద చనిపోయాడు అని వరసగా నొక్కి చెప్పాడు. చావుకు వెళ్తున్న మనిషి ఇలా రాశాడంటే, ఆయనకు అది పుస్తకాల చర్చ కాదు. క్రీస్తు బాధ ఉత్తదైతే తన సంకెళ్ళకు అర్థం ఏముంది అని అదే ఉత్తరంలో అడిగాడు.

[తెర మీద: లియోన్ నగరం]

180 ప్రాంతంలో, ఇప్పటి ఫ్రాన్స్‌లోని లియోన్ బిషప్పు ఇరేనియస్, నోస్టిక్కులు అనే బృందాల మీద ఐదు భాగాల గ్రంథం రాశాడు. వాళ్ళలో చాలామంది రహస్య జ్ఞానం గురించి చెప్పేవాళ్ళు. ఇరేనియస్ ఏమన్నాడంటే, అపొస్తలులు చెప్పింది సంఘాల్లో అందరి ముందూ బోధించారు, చాటుగా దాచింది ఏమీ లేదు. లేఖనాలను వాళ్ళు వాడుకునే తీరుకు ఆయన ఇచ్చిన పోలిక చూడండి: రత్నాలతో పొదిగిన రాజు బొమ్మను విడగొట్టి, అవే రాళ్ళతో నక్క బొమ్మ చేసి, ఇదే రాజు అన్నట్టుందట. అయితే నోస్టిక్కుల మాట కూడా వినాలి. 1945లో ఈజిప్టులోని నాగ్ హమ్మాది దగ్గర వాళ్ళ రాతలు బయటపడ్డాయి కాబట్టి ఇప్పుడు ప్రత్యర్థుల మాటే నమ్మాల్సిన పని లేదు.

[తెర మీద: అలెగ్జాండ్రియా]

ఇక అసలు తుఫాను. 318 ప్రాంతంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో అరియస్ అనే సంఘ పెద్ద, తన బిషప్పు అలెగ్జాండర్‌తో విభేదించాడు. కుమారుడు లేని సమయం ఒకటి ఉంది, ఆయన సృష్టిలో మొదటివాడు, అందరికంటే గొప్పవాడు, కానీ తండ్రితో సమానం కాదు అన్నాడు. అరియస్‌ను విలన్‌గా చూపించడం నాకు ఇష్టం లేదు. "తండ్రి నాకంటె గొప్పవాడు" అని యోహాను సువార్తలోనే ఉంది కదా! ఒక్కడే దేవుడన్న నమ్మకాన్ని కాపాడాలనే అతని తపన. అవతలివాళ్ళ భయం వేరు: క్రీస్తు సృష్టిలో ఒకడైతే మనం ఇన్నాళ్ళూ ఆరాధిస్తున్నది ఎవరిని? సృష్టిలో ఒకడు మనల్ని ఎలా రక్షిస్తాడు?

చక్రవర్తి కాన్‌స్టాంటైన్ దీన్ని మొదట చిన్న విషయమే అనుకుని, సర్దుకోండని ఇద్దరికీ ఉత్తరం రాశాడు. పని జరగలేదు. 325లో నైసీయలో, ఇప్పటి టర్కీలోని ఇజ్నిక్‌లో, సభ పెట్టాడు. సంప్రదాయం 318 మంది బిషప్పులు అంటుంది; చరిత్రకారుల లెక్క 200 నుంచి 300 మధ్య. అంతకు కొన్నేళ్ళ ముందే రోము ప్రభుత్వం చేతుల్లో హింస చూసినవాళ్ళు వాళ్ళలో ఉన్నారు.

బైబిల్లో ఏ పుస్తకాలుండాలో ఈ సభలో ఓటేసి తేల్చారని వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. అది నిజం కాదు. ఇప్పుడున్న కొత్త నిబంధన 27 పుస్తకాల జాబితా సరిగ్గా అలాగే మనకు దొరికేది 367లో అలెగ్జాండ్రియా బిషప్పు, నైసీయ పక్షం నాయకుడు అతనేసియస్ రాసిన ఉత్తరంలో. నైసీయలో తేల్చింది, కుమారుడు చేయబడినవాడు కాదు, తండ్రితో ఒకే సారం గలవాడు అని. ఇద్దరు లిబియా బిషప్పులు ఒప్పుకోలేదు. అరియస్‌తోపాటు వాళ్ళనూ దేశం నుంచి వెళ్ళగొట్టారు. విశ్వాసం తేల్చే చోట చక్రవర్తి బలం వాడటం మంచిదని నేను అనలేను.

పైగా ఆ బలం ఎటైనా తిరుగుతుంది. కాన్‌స్టాంటైన్ 337లో చనిపోయేముందు బాప్తిస్మం తీసుకున్నది అరియస్‌ను సమర్థించిన బిషప్పు చేతుల మీదుగానే. తర్వాత వచ్చిన చక్రవర్తుల కాలంలోనూ నైసీయ పక్షానికి చాలాసార్లు ఎదురుదెబ్బలే. అతనేసియస్‌ను మొత్తం ఐదుసార్లు వెళ్ళగొట్టారు, 17 ఏళ్ళు ప్రవాసంలో గడిపాడు. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ నైసీయ విశ్వాసాన్ని మళ్ళీ నిలబెట్టింది. పరిశుద్ధాత్మను తండ్రితో, కుమారుడితో కలిపి ఆరాధిస్తామన్న మాట ఈ సభ పేరుతోనే మనకు వచ్చింది.

క్రీస్తు దేవుడు కూడా, మనిషి కూడా అయితే ఆ రెండూ ఆయనలో ఎలా కలిసున్నాయన్నది ఇంకా తేలలేదు. 451లో ఖల్కెదోను సభ ఇచ్చిన జవాబును ఈజిప్టులో చాలామంది ఒప్పుకోలేదు. ఆ చీలిక సంగతి వచ్చే వీడియోలో చూద్దాం.