ఎడారి నడక మొదటి రోజు: నీళ్ల లెక్కే అసలు లెక్క

ఇదిగో, నా వెనక తుప్పురంగు కంచె కనిపిస్తోంది కదా, అటు మెక్సికో, ఇటు కాలిఫోర్నియా. ఊరి పేరు కాంపో. ఈ చెక్క స్తంభాల దగ్గర మొదలైన కాలిబాట కెనడా సరిహద్దు దాకా పోతుంది. 2,650 మైళ్లు, అంటే దాదాపు 4,265 కిలోమీటర్లు. పసిఫిక్ క్రెస్ట్ ట్రైల్ ఇదేనండీ. వసంతంలో జనం ఒకేసారి ఎగబడకుండా, ఇక్కణ్ణుంచి బయల్దేరే దూరప్రయాణికులకి రోజుకి 50 పర్మిట్లే ఇస్తారు. అందులో ఒకటి నాది. "ఒక్కడివే ఎందుకురా" అని అమ్మ ఇంకా అడుగుతూనే ఉంది. దాని మీద వేరే వీడియో చేయాలి.

ఎడారి అనగానే ఇసుక తిన్నెలు, ఒంటెలు అనుకున్నవాళ్లు ఇటు చూడండి. నడుమెత్తు పొదలు, గుండ్రాళ్లు, వరసగా కొండలు. ఈ ఎర్ర కొమ్మల మొక్క మాంజనీటా. బెరడు ఎంత నున్నగా ఉందో చూడండి, గోటితో గీరితే పల్చటి పొట్టు లేస్తోంది. అందంగానే ఉంది గానీ నీడ మాత్రం అడక్కండి. పైగా మనం నడిచేది ఉత్తరానికి, ఎండ వీపు మీదే. మెడ వెనక, పిక్కల మీద సన్‌స్క్రీన్ రాయడం మరిచిపోతే రాత్రి పడుకునేటప్పుడు గుర్తొస్తుంది.

ఇక నీళ్లు. నమ్మకంగా దొరికేది లేక్ మొరీనా క్యాంప్‌గ్రౌండ్ కుళాయి దగ్గర, సుమారు 20 మైళ్లు పోయాక. దానికి ముందు, 15వ మైలు దాటాక హౌసర్ క్రీక్ అని ఒక వాగుంది. మ్యాపులో నీలిగీత చూసి మురిసిపోవద్దు, చాలాసార్లు ఎండిపోయే ఉంటుంది. అందుకని నా బ్యాగులో 6 లీటర్లు పెట్టా, అంటే 6 కిలోలు. గుడారాన్ని గ్రాముల్లో తూచి కొనుక్కున్నవాళ్లు కూడా ఇక్కడ నోరెత్తకుండా మోయాల్సిందే.

ఇక్కడే చాలామంది "ఒక్కరోజులో మొరీనా కొట్టేద్దాం" అంటారు. నాకు నచ్చని ప్లాన్ అది. తెల్లారి బయల్దేరినా హౌసర్ లోయలోకి దిగేసరికి మిట్టమధ్యాహ్నం దాటుతుంది. దిగామా, వెంటనే సుమారు వెయ్యి అడుగుల ఎక్కుడు. పొద్దున్నించీ నడిచిన కాళ్లు, సీసా అడుగున గుక్కెడు నీళ్లు, పైన మండే ఎండ. రెంటచింతల, రామగుండం ఎండలు చూసినవాళ్లం, మాకేంటి అంటారేమో. అక్కడ మధ్యాహ్నం రెండింటికి మూట నెత్తినెట్టుకుని ఎవరైనా కొండెక్కుతారా? తల తిరిగినా, వికారం పెట్టినా మొండికేయకుండా దొరికిన నీడలో కూలబడాలి.

ఆగండి... విన్నారా, ఆ గరగర? ర్యాటిల్‌స్నేక్, తోక ఆడించి చప్పుడు చేసే విషప్పాము. బాట పక్కనే, ఆ రాయి కింద. దాని దారిన అది పోయేదాకా దూరంగా నిలబడదాం. జూమ్ చేస్తున్నా గానీ దగ్గరికి వెళ్లను.

సాయంత్రమైంది. హౌసర్‌కి ముందే, గట్టు మీద చదును చూసి గుడారం వేశా. లోయలో వాగు వెంట పాయిజన్ ఓక్ ఉంటుంది. మూడేసి ఆకులు, తగిలితే ఒళ్లంతా దద్దుర్లు. చీకట్లో దాంతో మనకెందుకు? పొదలు ఎండి ఉన్నాయి కాబట్టి మంట ఊసే లేదు. రొట్టెలో కందిపొడి, నూనె, అదే భోజనం.

ఇంకా రెండున్నర లీటర్లు మిగిలాయి. రాత్రికి ఒకటి, పొద్దున ఎక్కుడికి ఒకటి, అర లీటరు ముట్టుకోను. తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరుతున్నా, కుళాయి దగ్గర కలుద్దాం.