పేజీకి పదాలు తెలియవు: స్క్రిప్టుతో పీడీఎఫ్ తయారీ

అందరికీ నమస్కారం.

బిల్లులు, మార్కుల జాబితాలు, ధ్రువపత్రాలు... వీటిని వందల్లో, వేలల్లో పీడీఎఫ్‌లుగా తీసే స్క్రిప్టు రాయాల్సిన పని మనలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. మొదటి పేజీ పది లైన్ల కోడ్‌తో వచ్చేస్తుంది. తంటా అంతా రెండో పేజీ నుంచే. అదెక్కడ పుడుతుందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే, కాబట్టి ముందు అక్కడికే వెళ్దాం.

పీడీఎఫ్ పేజీలో పేరాలు ఉండవు, పట్టికలు ఉండవు, ఆ మాటకొస్తే పదాలు కూడా ఉండవు. 'ఈ ఫాంటులోని ఫలానా గ్లిఫ్‌ను ఈ చోట పెట్టు', 'ఇక్కణ్ణుంచి అక్కడికి గీత గియ్యి' అనే ఆజ్ఞలే ఉంటాయి (గ్లిఫ్ అంటే ఫాంటులో గీసి ఉన్న ఒక అక్షర రూపం). 1993లో అడోబీ విడుదల చేసినప్పుడూ అంతే, 2008లో ఐఎస్ఓ 32000 ప్రమాణంగా మారాకా అంతే. ట్యాగులు జోడించి 'ఇది శీర్షిక, ఇది పట్టిక' అని చెప్పుకునే వీలుంది గానీ గీసే తీరు మాత్రం మారదు. వాక్యం అంచు దాటితే తనంతట తాను కింది లైనుకు దిగదు. ఎక్కడ విరవాలో లెక్క వేయాల్సింది మన లైబ్రరీ, లేదంటే మనం.

కొలతల సంగతి చూద్దాం. ప్రమాణం పాయింట్: అంగుళంలో 72వ వంతు. ఏ4 కాగితం 595.28 పాయింట్ల వెడల్పు, 841.89 పాయింట్ల ఎత్తు. మూలబిందువు ఎడమ పక్క కింది మూల, అక్కణ్ణుంచి పైకి పోయేకొద్దీ వై పెరుగుతుంది. పైథాన్‌లో పీడీఎఫ్‌లు తీసే లైబ్రరీ రిపోర్ట్‌ల్యాబ్. అందులో నేరుగా గీయడానికి ఉన్న కాన్వాస్ ఈ లెక్కనే పాటిస్తుంది. ఎఫ్‌పీడీఎఫ్2 అనే ఇంకో లైబ్రరీ మాత్రం పై మూల నుంచి కిందికి, మామూలుగా మిల్లీమీటర్లలో కొలుస్తుంది. ఒకదానికి రాసిన కోడ్‌ను రెండో దానిలోకి తెచ్చుకుంటే పేజీ తలకిందులయ్యేది ఇందుకే.

కాన్వాస్‌తో నేరుగా గీసేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. షోపేజ్ పిలిచి కొత్త పేజీకి వెళ్లగానే మీరు పెట్టిన ఫాంటు, రంగు, గీత మందం అన్నీ మొదటికొస్తాయి. ఫాంటును ప్రతి పేజీలోనూ మళ్లీ పెట్టాలి. పెట్టకపోతే హెల్వెటికా వచ్చి కూర్చుంటుంది, మొదటి పేజీలో చక్కగా కనబడిన తెలుగు రెండో పేజీలో నల్ల చతురస్రాలైపోతుంది. హెల్వెటికా, టైమ్స్, కొరియర్ వంటి 14 ప్రామాణిక ఫాంట్లలో తెలుగు అక్షరాలు లేవు మరి.

తెలుగు ఫాంటు చేర్చుకుంటే సరిపోతుందా? సరిపోదు. మన లిపి దగ్గర కాసేపు ఆగాల్సిందే.

'స్త్రీ' అనే ఒక్క అక్షరాన్ని తీసుకోండి. యూనికోడ్‌లో అది 6 సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, చివర గుడి దీర్ఘం. ఈ వరుసలోనే గ్లిఫ్‌లు పేర్చుకుంటూ పోతే పేజీ మీద స, ఒక పొల్లు, త, ఇంకో పొల్లు, ర, ఎక్కడో వేలాడే దీర్ఘం పడతాయి. నిజంగా జరగాల్సింది వేరు. చివర టైపు చేసిన దీర్ఘం మొదట ఉన్న స మీదికెక్కాలి. అది ఎక్కేటప్పుడు స తలకట్టు పోవాలి. త, ర రెండూ వత్తులై వాటి చోట్లకు చేరాలి. ఈ మార్పిడి సూత్రాలు ఫాంటులోని పట్టికల్లో ఉంటాయి, వాటిని చదివి అమలు చేసే పనిని షేపింగ్ అంటారు. చాలా పీడీఎఫ్ లైబ్రరీలు ఈ పని చేయకుండా సంకేతానికి ఒక గ్లిఫ్ చొప్పున పెట్టేస్తాయి. కాబట్టి మీ పీడీఎఫ్‌లో పొల్లులు విడిగా కనబడుతుంటే ఫాంటును తిట్టుకోవద్దు, షేపింగ్ జరగలేదని అర్థం.

ఎఫ్‌పీడీఎఫ్2లో దీనికి సూటి దారి ఉంది: షేపింగ్ చేసే యూహార్ఫ్‌బజ్ ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేసి, తెలుగు ఫాంటు ఫైలును చేర్చి, సెట్_టెక్స్ట్_షేపింగ్‌కు ట్రూ ఇవ్వాలి. పాఠ్యం ఎక్కువగా ఉన్న పత్రాలైతే హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్‌లతో రాసి వాటిని పీడీఎఫ్‌గా మార్చే వీజీప్రింట్‌కు అప్పగించడం మేలని నా అభిప్రాయం. అది పాంగో అనే లైబ్రరీ ద్వారా షేపింగ్ చేయించుకుంటుంది, లైన్లు విరవడం, పేజీలు తెగ్గొట్టడం కూడా తానే చూసుకుంటుంది. ఫారాల మీద ఫలానా గడిలో ఫలానా అంకె పడాలి అన్న పనికి మాత్రం కాన్వాస్ అంత నమ్మకమైనది లేదు.

లైన్ల మధ్య దూరమూ మన లిపికి ముఖ్యమే. వై విలువ అక్షరాలు కూర్చునే గీతను సూచిస్తుంది, వత్తులు ఆ గీత కిందికి దిగుతాయి. ఇంగ్లీషుకు 12 పాయింట్ల అక్షరానికి 14.4 పాయింట్ల దూరం సరిపోతుంది, తెలుగుకు 18 దాకా ఇస్తేనే పై లైను వత్తులు కింది లైను గుడులకు తగలకుండా ఉంటాయి. రిపోర్ట్‌ల్యాబ్ పేరా శైలిలో ఈ దూరం, అంటే లీడింగ్, మామూలుగా 12. అక్షరాల సైజు 18 చేసి లీడింగ్ సంగతి మరిచిపోతే లైన్లు ఒకదాని మీదొకటి పడతాయి.

ఇప్పుడు పట్టికలు. రిపోర్ట్‌ల్యాబ్‌లోని ప్లాటిపస్ అనే భాగం పేరాలను, పట్టికలను ఫ్రేములో, అంటే పేజీ మీది చట్రంలో, పోసి పేజీలు నింపుతుంది. దాని మామూలు పత్ర నమూనా సింపుల్‌డాక్‌టెంప్లేట్‌లో అంచులు నాలుగు వైపులా 72 పాయింట్లు. అంటే ఏ4లో 451 పాయింట్ల వెడల్పు మిగలాలి కదా? మిగలదు. ఫ్రేముకు లోపల అటూ ఇటూ 6 పాయింట్ల ఖాళీ (ప్యాడింగ్) ఉంటుంది, చేతికొచ్చేది 439. పై భాగంలో మీరు 72 దగ్గర మొదలుపెట్టి గీసిన గీత, 78 దగ్గర మొదలయ్యే పేరా కలవకపోవడానికి కారణం ఈ 6 పాయింట్లే. నిలువులోనూ ఇదే లెక్క: 698 పాయింట్ల ఎత్తున్న బొమ్మ పేజీలో పడుతుందనుకుని పెడితే లేఅవుట్ ఎర్రర్‌తో స్క్రిప్టు ఆగిపోతుంది, ఖాళీ ఉన్నది సుమారు 686 పాయింట్లే.

గడిలో ఉత్త స్ట్రింగ్ పెడితే అది మడత పడదు, పొడుగు పేరు పక్క గడిలోకి చొచ్చుకుపోతుంది. పేరాగ్రాఫ్ వస్తువుగా మార్చి పెట్టండి. అయితే పేరాగ్రాఫ్ తన పాఠ్యాన్ని ట్యాగులున్న మార్కప్‌గా చదువుతుంది. డేటాలో 'కంటే తక్కువ' గుర్తు ఉంటే దాన్ని ట్యాగ్ మొదలనుకుని తడబడుతుంది, అందుకే డేటా ఏదైనా ముందు ఎస్కేప్ చేయాలి, అంటే అలాంటి గుర్తులను ట్యాగుగా చదవని రూపంలోకి మార్చాలి. శీర్షిక వరుస ప్రతి పేజీలో రావాలంటే రిపీట్‌రోస్ విలువ 1. నిలువు వరుసల వెడల్పులు మీరే ఇవ్వండి. ఇవ్వకపోతే అది ప్రతి గడినీ కొలుస్తుంది, వేల వరుసలుంటే ఆ ఆలస్యం బాగా తెలుస్తుంది.

బొమ్మలకు ఒక చిన్న లెక్క చాలు. 5 సెంటీమీటర్ల వెడల్పులో అచ్చయ్యే లోగోకు, అంగుళానికి 300 చొప్పున, 590 పిక్సెళ్లు సరిపోతాయి. 4000 పిక్సెళ్ల ఫైలు పెట్టి సైజు తగ్గించినా పీడీఎఫ్‌లోకి ఎక్కేది 4000 పిక్సెళ్లే. ప్రతి పేజీలో వచ్చే బొమ్మకు డ్రాఇమేజ్ వాడితే డేటా ఒక్కసారే చేరుతుంది, డ్రాఇన్‌లైన్‌ఇమేజ్ వాడితే ప్రతిసారీ చేరుతుంది. ఫైలు ఊహించనంత బరువైతే ముందు చూడాల్సింది ఇదే.

'3/12' లాంటి పేజీ సంఖ్యలు కావాలంటే, మూడో పేజీ గీసేటప్పటికి మొత్తం 12 అని ఎవరికీ తెలియదు. రిపోర్ట్‌ల్యాబ్‌లో పేజీల స్థితులన్నీ దాచుకుని చివర్లో సంఖ్యలు వేసే కాన్వాస్ రాసుకోవాలి, లేదా పత్రాన్ని రెండుసార్లు తయారు చేయాలి. ఎఫ్‌పీడీఎఫ్2 ఒక గుర్తు పెట్టి ఉంచి, ఆఖరున దాని చోట సంఖ్య పెడుతుంది.

ఫైలును వెబ్ ద్వారా పంపేవాళ్లకు రెండు జాగ్రత్తలు. మెమరీ బఫర్‌లో రాశాక సీక్ చేసి చదివే చోటును మొదటికి తేకుండా చదివితే చేతికొచ్చేది 0 బైట్లు. ఇక ఫైలు చివర ఉండే క్రాస్ రిఫరెన్స్ పట్టిక ప్రతి వస్తువూ ఎన్నో బైటు దగ్గరుందో చెబుతుంది. బదిలీలో లైను చివరలు మారినా, ముందు నాలుగు ఖాళీ లైన్లు చేరినా ఆ లెక్కలన్నీ తప్పిపోతాయి. కొన్ని వ్యూయర్లు చప్పుడు చేయకుండా సరిచేసుకుని తెరుస్తాయి, మరికొన్ని తెరవవు. అందుకే 'నా దగ్గర బాగానే తెరుచుకుంటోంది' అన్నది రుజువు కాదు.

పరీక్షకు పాప్లర్ అనే పీడీఎఫ్ పనిముట్ల ప్యాకేజీతో వచ్చే పీడీఎఫ్‌ఫాంట్స్ ఆదేశం నడపండి. ఫాంటు ఫైలులో పొదిగి ఉందో లేదో ఒక నిలువు వరుసలో కనబడుతుంది. తర్వాత పీడీఎఫ్‌టుటెక్స్ట్‌తో పాఠ్యం బయటికి తీసి చూడండి. కంటికి సరిగ్గా కనబడే తెలుగు కూడా కాపీ చేస్తే చిందరవందరగా రావచ్చు, ఎందుకంటే ఏ గ్లిఫ్ ఏ సంకేతమో చెప్పే పట్టిక వేరే ఉంటుంది. పరీక్ష డేటాలో అన్నిటికంటే పొడవైన పేరు ఒకటి, వత్తు మీద వత్తు ఉన్న మాటలు కొన్ని, సరిగ్గా ఒక పేజీ నిండేన్ని వరుసలున్న జాబితా ఒకటి పెట్టుకోండి. ఆ మూడోదానిలోనే మొత్తం సొమ్ము లైను ఒంటరిగా కొత్త పేజీకి జారిపోతుంది. దాన్ని పై వరుసలతో కలిపి ఉంచాలంటే, చివరి రెండు మూడు వరుసలనూ మొత్తాన్నీ ఒక చిన్న పట్టికగా విడదీసి కీప్‌టుగెదర్‌లో పెట్టండి.