నీళ్లు తగిలితే పాడయ్యే ఉల్కాశిల: ఆబ్రైట్ కథ

[తెరపై: తెల్లటి రాయి ముక్క, పక్కన స్కేలు]

ఈ రాయి చేలో కనబడితే పలుగురాయి అనుకుని దాటిపోతాం. ఉల్కాశిల అంటే నల్లటి పెంకు ఉండాలి, అయస్కాంతం అంటుకోవాలి అని మన లెక్క. ఆబ్రైట్ అనే ఈ రకం ఉల్కాశిల ఆ లెక్కకు అందదు. 1836లో ఫ్రాన్స్‌లోని ఆబ్ర్ ఊళ్లో పడిన రాయి వల్ల ఈ పేరు వచ్చింది. మన దేశంలో 1852లో ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లోని బస్తీ దగ్గర ఒకటి పడింది. మళ్లీ 170 ఏళ్లకు, 2022 ఆగస్టు 17న, గుజరాత్‌లోని దియోదర్‌లో పడింది.

[తెరపై: ఖనిజాల దగ్గరి చిత్రం]

ఇందులో ఎక్కువ భాగం ఎన్‌స్టటైట్, అంటే మెగ్నీషియం సిలికేట్. భూమ్మీద ఈ ఖనిజంలో ఎంతో కొంత ఇనుము కలిసే ఉంటుంది. ఇందులో దాదాపు లేదు, అందుకే ఈ తెలుపు. పైపెంకు కూడా నల్లబడకపోవడానికి కారణం అదే.

మరి ఇనుము ఏమైంది? ఈ రాయి పుట్టిన చిన్న గ్రహంలో ఆక్సిజన్ కరువు. ఆక్సిజన్ దొరక్క ఇనుము లోహంగానే ఉండిపోయింది. సుమారు 456 కోట్ల ఏళ్ల క్రితం ఆ చిన్న గ్రహం కరిగినప్పుడు, బరువైన లోహంలో చాలా భాగం అడుగుకు దిగింది. పైన తేలిన తెల్లటి భాగమే ఆబ్రైట్. తర్వాతి ఢీకొట్లలో అది నుజ్జయి మళ్లీ అతుక్కుంది. అందుకే చాలా ఆబ్రైట్లు ముక్కలు కూర్చినట్టు కనిపిస్తాయి.

అసలు విశేషం కాల్షియానిది. భూమ్మీద అది ఆక్సిజన్‌ను వదలదు. ఇక్కడ గంధకంతో జత కట్టి ఓల్డమైట్ అయింది. బస్తీ రాయిలో చెస్ట్‌నట్ రంగు చిన్న గుళికలుగా దొరికింది. 1862లో బ్రిటిష్ ఖనిజ శాస్త్రవేత్త మాస్కెలిన్ దానికి భారత భూగర్భ సర్వే అధిపతి థామస్ ఓల్డమ్ పేరు పెట్టారు. అదే రాయిలో బంగారు రంగు ఆస్బోర్నైట్ కూడా ఉంది. అది టైటానియం నైట్రైడ్. హార్డ్‌వేర్ షాపులో బంగారు రంగు డ్రిల్ బిట్లు చూశారా? వాటి పూత అదే పదార్థం!

[తెరపై: రంపం, ఇథనాల్ సీసా]

ఓల్డమైట్‌కు నీళ్లు పడవు. నీళ్లు తగిలితే విరిగి, కుళ్లిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ విడుదలవుతుంది. నీళ్లతో కోసి నునుపు చేస్తే గుళిక ఉన్నచోట గుంత మిగులుతుంది. తర్వాత సూక్ష్మదర్శినిలో చూసినవాళ్లు అక్కడ మొదట్నుంచీ ఏమీ లేదనుకునే ప్రమాదం ఉంది. అందుకే నీరు లేని ఇథనాల్ వాడాలి, మెరుగుకు నూనెలో కలిపిన వజ్రపు పేస్టు. దాచేటప్పుడు గాలి చొరబడని డబ్బాలో, తేమ పీలిస్తే రంగు మారే సిలికా జెల్ పెట్టి, అది గులాబీ రంగుకు తిరిగిన వెంటనే మార్చాలి. కడిగి చూద్దామనే సరదా మాత్రం వద్దు.

[తెరపై: జర్మనీ పొలాలు]

2024 జనవరి 21న బెర్లిన్ దగ్గర రిబ్బెక్‌లో ఆబ్రైట్ పడింది. ఆ గ్రహశకలాన్ని కొన్ని గంటల ముందే కనిపెట్టారు, ఎక్కడ పడుతుందో లెక్క కట్టారు. అయినా రాళ్లు త్వరగా దొరకలేదు. దూరం నుంచి మామూలు రాళ్లలాగే కనిపించాయి మరి. వెతికేవాళ్లు నలుపు కోసం కాకుండా గాజులా మెరిసే పలచటి పెంకు కోసం వంగి చూడాలి.