క్వారీ ఓనరుకి ట్రైనింగ్ ఏంటండీ?

నమస్తే అండీ. వెనక చప్పుడు వినిపిస్తోందిగా, జిగణిలో ఉన్నాను. బెంగళూరులో గ్రానైట్ కోత ఫ్యాక్టరీలన్నీ ఒకచోట చూడాలంటే ఇక్కడికే రావాలి. మన చీమకుర్తి గెలాక్సీ రాయి కూడా ఇక్కడ పలకలవుతుంది.

మా బాబాయిది కనకపుర వైపు చిన్న క్వారీ. ఈమధ్య ఐదు రోజుల వ్యాపార శిక్షణకి వెళ్ళొచ్చాడు. "ఎలా ఉంది బాబాయ్?" అంటే, "భోజనం బాగుందిరా" అన్నాడు. లెక్కలన్నీ పచ్చళ్ళ వ్యాపారం మీద చెప్పారట. పచ్చడి అయిపోతే మళ్ళీ మామిడికాయలు కొంటాం. కొండ అయిపోతే ఏం కొంటాం?

క్వారీలో అసలు లెక్క రికవరీ, అంటే తవ్విన రాయిలో అమ్ముడుపోయేది ఎంత అని. 100 క్యూబిక్ మీటర్లు తవ్వితే 20 బ్లాకుగా, అంటే పెద్ద రాతి దిమ్మలుగా, అమ్ముడుపోయిందనుకోండి, మిగతా 80కీ డీజిలు, కూలీ మీరు పెట్టుకున్నట్టే. పేలుడు మందు ఎక్కువ పెట్టి పేలిస్తే రాయిలో సన్న బీటలు పడతాయి. అవి క్వారీలో కనపడవు, ఇక్కడ రంపం కింద బయటపడతాయి. అప్పుడు కొన్నవాడు ఫోన్ చేసి డబ్బులు కోస్తాడు. డైమండ్ వైర్ సా, అంటే వజ్రపు పూసల తీగ రంపంతో కోస్తే రాయి మిగులుతుంది, కానీ పెట్టుబడి కావాలి. ఏ బ్లాకు మీద ఎంత ఖర్చయింది, ఎంత డబ్బు కోత పడిందని రాసుకునే ఒక్క నోటుబుక్కు నేర్పినా చాలు, నా లెక్కలో అది సగం శిక్షణ.

తమాషా ఏంటంటే, గనుల్లో పనిచేసే కూలీకి శిక్షణ తప్పనిసరని 1966 నుంచే రూల్స్ ఉన్నాయి. రాయి పేల్చే బ్లాస్టరుకి సర్టిఫికెట్ ఉండాలి. ఎంత మందు కొనాలో, ఏ రేటుకి అమ్మాలో తేల్చే ఓనరుకి మాత్రం వ్యాపారం నేర్చుకోమని ఎవరూ చెప్పరు.

శిక్షణ దండగ అనట్లేదు. ఆఫ్రికాలోని టోగోలో 1,500 మంది చిన్న వ్యాపారుల మీద చేసిన పరిశోధన 2017లో అచ్చయింది. గనులవాళ్ళు కాదు, మామూలు వ్యాపారులే. పుస్తకాల లెక్కలు నేర్చినవాళ్ళకి లాభం గట్టిగా చెప్పుకునేంత పెరగలేదు. తనంతట తాను ముందడుగు వెయ్యడం నేర్చినవాళ్ళకి 30 శాతం పెరిగింది. ఇలాంటి ఆలోచన మనకి కొత్తా? 1964లోనే మెక్‌క్లెలాండ్ అనే అమెరికన్ ప్రొఫెసరు కాకినాడ వ్యాపారులకి ఈ తరహా శిక్షణ ఇప్పించాడు. కాకినాడ అండీ!

బాబాయి ముందడుగు వేశాడు. వైర్ సా కోసం బ్యాంకుకి వెళ్ళాడు. లీజు కాగితం చూసి, "కొండ మీది కాదు కదా, ఊళ్ళో పొలం పత్రాలున్నాయా?" అన్నారట. పొలం పిన్ని పేరున ఉంది. ఆవిడ ఇంకా సంతకం పెట్టలేదు.