చీకటి హాల్లో కాస్ట్ ఐరన్ ప్లాంట్: అనంతపురం బోరు నీళ్లతో రివ్యూ

నమస్తే అండి, అందరూ బాగున్నారా? ముందే చెప్పేస్తున్నా, ఈ మొక్క నేను కొన్నది కాదు. ఒక నర్సరీ వాళ్లు ఉచితంగా పంపించారు. డబ్బులేం ఇవ్వలేదు గానీ, "చివర్లు మాడిన ఆకులు వీడియోలో పడకుండా చూడండి" అన్నారు. ఇవాళ సగం వీడియో ఆ మాడిన చివర్ల మీదే.

పేరు ఆస్పిడిస్ట్రా. నర్సరీలో కాస్ట్ ఐరన్ ప్లాంట్ అని అడగండి. ఎత్తెంత, కుండీ సైజెంత, ఇవన్నీ మీరు వేరే చానళ్లలో చూసే ఉంటారు, మళ్లీ చదవను. మా అమ్మ చూడగానే "పసుపు మొక్కను తెచ్చి హాల్లో పెట్టినావేంరా?" అంది. నిజమే, దూరం నుంచి అచ్చం పసుపు ఆకులే. పట్టుకుంటే మాత్రం దళసరిగా, బిరుసుగా ఉంటాయి. పైగా పసుపులాగా ఎండిపోయేది కాదు, ఏడాదంతా పచ్చగానే ఉంటుంది.

మా హాలు మీకు తెలిసిందే. రెండు పక్కలా పక్కిళ్ల గోడలు, వెలుతురు వీధి తలుపు నుంచి రావాల్సిందే. పట్టపగలు కూడా ట్యూబ్‌లైట్ వేస్తాం. ఈ మూలలో పెట్టిన పీస్ లిల్లీ పోయింది. అరెకా పామ్‌కు ఎర్రనల్లి పట్టింది, అదీ పోయింది. మనీ ప్లాంట్ బతికింది గానీ తీగ సాగి ఆకులు బక్కచిక్కిపోయాయి. ఇది మాత్రం అదే మూలలో దర్జాగా నిలబడింది. దీని పుట్టిల్లు జపాన్ దక్షిణాన ఉన్న దీవులు, తైవాన్. అడవిలో పెద్ద చెట్ల కింద నీడలో పెరిగేది. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో గ్యాస్ దీపాల పొగ నిండిన చీకటి గదుల్లోనే బతికింది, మా హాలు దానికొక లెక్కా! మేడ మీద పెడదామని మా వదిన అంది. వద్దే వద్దన్నా. మన మే నెల ఎండ నేరుగా తగిలితే ఆకులు మచ్చలు పడి కాలిపోతాయి.

ఇక అసలు సంగతి. కెమెరా రవ్వంత దగ్గరికి తెస్తా, ఈ ఆకు కొస చూడండి. కొస గోధుమ రంగు, దాని వెంబడే సన్నగా పసుపు గీత. వేలితో నలిపితే పొడిపొడిగా రాలుతోంది. నీళ్లు చాలక అనుకుంటారేమో, మట్టి తడిగానే ఉంది. నా అనుమానమంతా బోరు నీళ్ల మీదే. మన జిల్లా భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ సంగతి నేను చెప్పాలా? 1990ల్లో సత్యసాయి తాగునీటి పథకం రావడానికి అదీ ఒక కారణమే కదా. ఈ మొక్కకు ఫ్లోరైడ్ పడదు. వేర్ల నుంచి నీళ్లతో పాటు ఆకు కొసకు ఎక్కుతుంది, నీరు ఆవిరైపోతుంది, అది మాత్రం అక్కడే పోగుపడుతుంది. బక్కెట్లో రాత్రంతా పెడితే క్లోరిన్ తగ్గుతుందేమో గానీ ఫ్లోరైడ్ పోదు. కాచినా పోదు.

అందుకే ఆర్వో క్యాన్ నీళ్లకు మారా. ఇదిగో, ఆ తర్వాత వచ్చిన కొత్త ఆకు, కొస దాకా శుభ్రంగా ఉంది. వాన నీళ్లు పట్టుకుంటే ఇంకా మంచిది, మనకు వాన పడితే కదా! ఇంకో మాట, ఊర్లో వేరుశనగకు తెచ్చిన సూపర్ బస్తాలోంచి గుప్పెడు తీసి దీనికి వేయకండి. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్‌లో కూడా ఫ్లోరైడ్ ఉంటుంది.

నాకు చిరాకెక్కడంటే, "ఎలా పెట్టినా చావదు" అని అమ్ముతారు. చావదు, ఒప్పుకుంటా. కానీ ఒక ఆకు మాడిందంటే అది ఏళ్ల తరబడి అట్లే మన మొహం చూస్తూ ఉంటుంది. పాత ఆకు త్వరగా రాలదు, కొత్తది త్వరగా రాదు. ఏడాదికి నాలుగైదు ఆకులొస్తే గొప్ప. మాడిన చోట కత్తెరతో కోసేటప్పుడు గోధుమ అంచు సన్నగా ఉంచేయండి, పచ్చ దాకా కోస్తే మళ్లీ కొత్తగా మాడుతుంది.

పువ్వుల గురించి అడుగుతారు. ఊదారంగులో, మట్టిని ఆనుకుని పూస్తాయి. వంగి వెతికితే తప్ప కనిపించవు. జపాన్‌లో వీటికి పరాగ సంపర్కం చేసేది బూజు మీద బతికే చిన్న ఈగలని 2017లో తేల్చారు. మా ఇంట్లో ఇంకా పూయలేదు, పూస్తుందని ఆశ కూడా లేదు.

ఆషాఢం గాలికి మన ఇళ్లలో దుమ్ము ఎట్లా పడుతుందో తెలుసు కదా, తడిగుడ్డతో ఆకు తుడిస్తే మెరుస్తుంది. మా పిల్లి కొరికినా టెన్షన్ లేదు, పిల్లులకూ కుక్కలకూ ఇది విషం కాదు.

నాకైతే నచ్చింది, నర్సరీకి తిరిగి పంపమన్నా పంపను. ఇంట్లో ఆర్వో లేకపోతే మాత్రం స్నేక్ ప్లాంట్‌తో సరిపెట్టుకోండి. కొనేటట్టయితే డబ్బు కాస్త ఎక్కువైనా ఆకులు గుబురుగా ఉన్న కుండీనే తీసుకోండి. రెండాకుల మొక్క తెచ్చి పెద్దదవుతుందని కూర్చుంటే మీ పిల్లల పెళ్లిళ్లు అయిపోతాయి.